దీపం లేని దీవి: ఫైలకా

సాయంకాలం వేళ సాల్మియా సముద్రతీరానికి చల్లగాలికై వచ్చేవారికి ఈశాన్య దిక్కున నీరు, ఆకాశం కలిసే గీత తప్ప వేరేమీ కనిపించదు. నిజానికి ఆ దిక్కున, సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, నాలుగు వేల ఏళ్ళ చరిత్ర గల ఒక దీవి ఉన్నది. దాని పేరు ఫైలకా. అది కనిపించకపోవడానికి కారణం కేవలం దుమ్ము, పొగమంచు కావు. భూమి గుండ్రంగా ఉండటమే ముఖ్యకారణం.

ఈ విషయాన్ని చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. చూచేవాని కన్ను నీటిమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో ఆ సంఖ్య వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, అతనికి దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉంటుందో తెలుస్తుంది. ఒడ్డున నిలబడినవానికి ఇది సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. ఫైలకా దీవి చాలా పల్లపు నేల. దాని ఎత్తైన భాగం కూడా సముద్రమట్టానికి పది మీటర్లలోపే. తొమ్మిది మీటర్ల ఎత్తుకు లెక్క కడితే దాదాపు పదకొండు కిలోమీటర్లు వస్తుంది. రెండూ కలిపినా పదహారు కిలోమీటర్లు దాటదు. గాలిలో కాంతి కొంచెం వంగడం వలన మరికొంత దూరం కలిసినా ఇరవైకి చాలదు. అదే వ్యక్తి తీరాన ఉన్న భవనంలో పదవ అంతస్తుకు, అంటే ముప్పై మీటర్ల ఎత్తుకు ఎక్కితే, అతని దిగంతం ఒక్కటే పందొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు గాలి నిర్మలంగా ఉన్న రోజున దీవి నేల సన్నని గీతవలె కనిపించడానికి అవకాశం ఉన్నది.

ఒడ్డున నిలబడితే కనబడనిది, కొంత ఎత్తుకు వెళితే కనబడుతుంది. ఫైలకా చరిత్ర కూడా ఇటువంటిదే.

బేచిరాగ్ గ్రామం

తెలుగునాట రెవెన్యూ లెక్కలలో ఒక మాట కలదు. ప్రజలెవ్వరూ నివసించని గ్రామాన్ని "బేచిరాగ్ గ్రామం" అంటారు. ఇది పారశీక భాష నుండి వచ్చిన మాట. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం లేనిది. సంధ్యవేళ దీపం పెట్టే ఇల్లు ఒక్కటైనా లేని ఊరన్నమాట. అయితే ఊరు ఖాళీ అయినంత మాత్రాన ఆ పేరు లెక్కల నుండి తొలగిపోదు. దాని పొలిమేర ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి, పాడుపడిన గుడి, పూడిన బావి ఉంటాయి. మనుషులు మాత్రమే ఉండరు.

ఫైలకా ఈనాడు అటువంటి దీవి. 1990కి ముందు దాని పడమటి ఒడ్డున అజ్జోర్ అనే గ్రామంలో రెండు వేలకు పైగా జనం నివసించేవారు. పాఠశాలలు, మసీదులు, దుకాణాలు ఉండేవి. సాల్మియా కొననున్న రాస్ అల్ అర్ద్ నుండి పడవలు రాకపోకలు సాగించేవి. తరువాత ఆ ఊరు ఖాళీ అయినది. ఈనాడు అక్కడకు విహారయాత్రికులు, త్రవ్వకాలు జరిపే శాస్త్రజ్ఞులు, కాపలా సిబ్బంది, సెలవు దినాలలో తమ పాత చోటు చూచుకొనవచ్చే కొందరు పూర్వ నివాసులు వెళ్ళి వస్తుంటారు. కాని నిత్యం దీపం పెట్టే ఊరు మరల ఏర్పడలేదు.

దీవి ఖాళీ కావడం ఇదే మొదటిసారా? కాదు. ఇంతకుముందు కూడా జనం వచ్చి స్థిరపడ్డారు, వెళ్ళిపోయారు, మరల వచ్చారు. ప్రతి పర్యాయం వారు వదలిన గుర్తులను భూమి పొరలుగా దాచి ఉంచినది. ఆ పొరలను చదివితే, ఇప్పటి ఖాళీకి, పూర్వపు ఖాళీలకు గల తేడా కూడా తెలియవస్తుంది.

ఉప్పు సముద్రంలో తీపి నీరు

దాదాపు 43 చదరపు కిలోమీటర్ల ఇంత చిన్న దీవిలో, ఏడాదికి వంద మిల్లీమీటర్లకు కొంచెం మించి మాత్రమే వాన కురిసే ప్రాంతంలో, మానవులు ఎట్లా నివసించగలిగారు? దీనికి సమాధానం చెలమలలో ఉన్నది.

కోస్తా తీరవాసులకు ఇది తెలిసిన సంగతే. సముద్రానికి కొద్ది దూరంలోనే ఇసుకలో గుంట త్రవ్వితే తీపి నీరు ఊరుతుంది. ఇంకా లోతుకు పోతే ఉప్పు నీరు తగులుతుంది. దీవులలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. నేలలో ఇంకిన వాన నీరు, క్రిందనున్న సముద్రపు నీటికంటే తేలికైనది కనుక, దానిమీద తేలుతుంది. మంచినీటి సాంద్రత ఒకటి అనుకుంటే సముద్రజలం సాంద్రత సుమారు 1.025. ఈ స్వల్ప వ్యత్యాసం వలన, తీపి నీరు సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు నలభై మీటర్ల లోతు వరకు వ్యాపించగలదు. దీవి అడుగున ఈ నీరు మధ్యలో మందంగా, అంచులలో పలుచగా, భూతద్దం ఆకారంలో నిలుస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది చివర హాలండ్ దేశీయుడు గైబెన్, ఆ తరువాత 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ ఈ సూత్రాన్ని వివరించినందున దీనికి వారి పేర్లే స్థిరపడినవి.

ఎడారి దీవులలో వాన తక్కువ కనుక ఈ నీటి పొర పలుచగా ఉంటుంది. పొదుపుగా తోడుకుంటే మరల ఊరుతుంది. అత్యాశతో తోడితే క్రింది ఉప్పు నీరు పైకి ఉబికి వచ్చి బావి చెడుతుంది. కువైట్ నగరం పుట్టకముందే ఫైలకాలో బావులు ఉండేవి, వాటి క్రింద కొద్దిపాటి సేద్యం సాగేది. దీవికి గల మరొక అనుకూలత దాని స్థానం. కువైట్ అఖాతపు ముఖద్వారం వద్ద, యూఫ్రటీస్, టైగ్రిస్ నదులు సముద్రంలో కలిసే ప్రాంతానికి సమీపంలో అది ఉన్నది. నదీమార్గాన మెసపొటేమియా నుండి వచ్చే సరుకు సముద్రపు నావలకు ఎక్కే దారిలో, త్రాగునీరు దొరికే మజిలీ అది. నీరు, దారి, ఈ రెండే ఫైలకా చరిత్రను నడిపిన శక్తులు.

పాటిదిబ్బలు

తెలుగు రైతులకు పాటిదిబ్బ అనే మాట సుపరిచితం. పూర్వం ఊరున్న చోట, ఇళ్ళు కూలి, మట్టి పేరుకొని, దానిమీద మరల ఇళ్ళు లేచి, ఆ విధంగా ఎత్తైన దిబ్బను పాటిదిబ్బ అంటారు. పాటిమన్ను బలమైనదని పొలాలకు తోలుకొనడం కూడా కలదు. ఫైలకా నైరుతి మూలన ఇటువంటి దిబ్బలు కలవు. వాటిలో రెండింటిని స్థానికులు సాద్, సయీద్ అని పిలుస్తారు.

1937లో ఈ దీవిలో గ్రీకు అక్షరాలు చెక్కిన ఒక రాయి బయటపడినది. ఏథెన్స్ నగరానికి చెందిన సోటెలీస్ అనే వ్యక్తి, అతనితో ఉన్న సైనికులు కలిసి, రక్షకుడైన జ్యూస్‌కు, సముద్రాధిదేవత పోసీడన్‌కు, రక్షకురాలైన ఆర్టెమిస్‌కు సమర్పించిన కానుకను గూర్చిన రాయి అది. గ్రీసు ఎక్కడ, ఈ దీవి ఎక్కడ? ఏథెన్స్ వాసి అరేబియా ఎడారి అంచుకు ఎందుకు వచ్చాడు? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను ఆకర్షించినది. అప్పటికే 1953 నుండి బహ్రెయిన్‌లో త్రవ్వకాలు సాగిస్తున్న డెన్మార్క్ బృందం, పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీల నాయకత్వంలో 1958లో ఫైలకా చేరినది. 1963 వరకు పని సాగినది. గ్రీకుల కొరకు వచ్చినవారికి గ్రీకులు దొరికారు. అంతకంటే పదిహేడు వందల ఏళ్ళు ప్రాచీనమైన ఊరు కూడా దొరికినది.

బలపపు రాతి ముద్రికలు

సాద్ దిబ్బలో బయటపడిన ఊరు దిల్మున్ నాగరికతకు చెందినది. మెసపొటేమియా మట్టి పలకలలో దిల్మున్ పేరు ధనిక వర్తక దేశంగాను, పురాణగాథలలో రోగం, వార్ధక్యం లేని పుణ్యభూమిగాను కనిపిస్తుంది. దీని కేంద్రం బహ్రెయిన్ దీవి. క్రీ.పూ. 2000 ప్రాంతం నుండి ఫైలకా దీనికి ఉత్తరాన ముఖ్యమైన స్థావరమైనది. క్రింది పొరలలో మెసపొటేమియా తరహా మట్టిపాత్రలు లభించినందున, దిల్మున్ వారికంటే ముందే మెసపొటేమియావారు ఇక్కడకు వచ్చి ఉంటారని డెన్మార్క్ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇక్కడ లభించిన వస్తువులలో మిక్కిలి ప్రసిద్ధమైనవి ముద్రికలు. ఇవి వందల సంఖ్యలో దొరికినవి. పాత రోజుల్లో పిల్లలు పలకమీద వ్రాసుకొనే బలపం ఏ మెత్తని రాతితో తయారయ్యేదో, ఈ ముద్రికలు కూడా ఆ జాతి రాతితోనే చేయబడినవి. మెత్తని రాయి కనుక చెక్కడం సులభం. చెక్కిన తరువాత కాల్చితే గట్టిపడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని బిళ్ళలివి. వెనుకవైపు ఉబ్బుపై మూడు గీతలు, నాలుగు చుక్కల వలయాలు ఉంటాయి. ముందువైపు లేళ్ళు, ఎద్దులు, పడవలు, ఖర్జూరపు మట్టలు, కూజా నుండి గొట్టంతో పానీయం పీల్చే మనుషులు చెక్కబడి ఉంటారు. సరుకు మూటను త్రాటితో కట్టి, ముడిమీద తడిమట్టి పెట్టి, దానిపై ఈ ముద్ర వేసేవారు. మట్టి పగలకుండా మూట విప్పుట అసాధ్యం. నేటి సీలు, సంతకం చేసే పనిని ఆనాడు ఈ బిళ్ళలే చేసేవి.

ఇక్కడ భారతీయులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి కలదు. ఫైలకాలో దొరికిన గుండ్రని ముద్రికలలో ఒకదానిపై సింధు నాగరికత లిపి ఉన్నది. దిల్మున్ వర్తకులు సరుకు తూచుటకు వాడిన రాళ్ళు కూడా సుమారు 13.6 గ్రాముల సింధు తూనిక ప్రమాణానికి సరిపోతాయని బహ్రెయిన్‌లో లభించిన తూనికరాళ్ళ వలన తెలిసినది. మెసపొటేమియావారు ఆ కొలతను దిల్మున్ తూనిక అని వ్యవహరించారు. అనగా మొహంజదారోలో తూచిన సరుకును గల్ఫ్‌లో మరల తూచుకొనే అవసరం లేకుండా రెండు తీరాల వర్తకులు ఒకే కొలత వాడుకున్నారు. ఈ సంబంధం తరువాతి కాలంలోనూ పలు రూపాలలో కొనసాగినది. మలబారు టేకుతో కువైట్ నావలు తయారైనవి; గల్ఫ్ ముత్యాలు బొంబాయి మార్కెట్టుకు చేరినవి; 1961లో దీనారు వచ్చేవరకు కువైట్‌లో రూపాయి చెల్లినది.

ఈ ఊరిలో దొరికిన శాసనాలలో ఇన్‌జాక్ అనే దిల్మున్ దేవుని పేరు, దానితోపాటు అగరుం అనే స్థలనామం కనిపిస్తాయి. ఫైలకా ప్రాంతానికి ఆనాటి పేరు అగరుం అయి ఉండవచ్చునని పలువురు పండితులు భావిస్తున్నారు. 2024 నవంబరులో సుమారు నాలుగు వేల ఏళ్ళనాటి దిల్మున్ దేవాలయం ఒకటి, పదకొండు మీటర్ల పొడవు, పదకొండు మీటర్ల వెడల్పు గలది, బయటపడినట్లు ప్రకటించారు. 1958లో మొదలైన పని ఇంకా ముగియలేదనుటకు ఇదే నిదర్శనం.

క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది గడిచిన తరువాత దీవిలో ఆధారాలు పలుచబడతాయి. బాబిలోన్ రాజు నెబుకద్నెజరు పేరు గల రాయి ఒకటి లభించినది కాని, పూర్వపు వైభవం కనిపించదు. దీవిలో దీపాలు తగ్గిన మొదటి కాలం ఇది.

ఇకారోస్

ఏథెన్స్ వాసి ఇక్కడకు ఎందుకు వచ్చాడనే ప్రశ్నకు సమాధానం అలెగ్జాండరు దండయాత్రలో ఉన్నది. హిందూదేశం నుండి తిరిగి వెళ్ళిన తరువాత అతడు అరేబియా తీరాన్ని తెలుసుకొనుటకు నావికులను పంపాడు. క్రీ.పూ. 323లో అతడు మరణించినాడు. తరువాత నాలుగు శతాబ్దాలకు పైగా గడిచాక ఆరియన్ అనే చరిత్రకారుడు, పూర్వ గ్రంథాలను ఆధారంగా చేసుకొని, యూఫ్రటీస్ ముఖద్వారానికి సమీపంలో ఉన్న ఒక దీవిని గూర్చి వ్రాశాడు. దానిలో దట్టమైన చెట్లు, ఆర్టెమిస్ దేవి ఆలయం ఉన్నవని, అక్కడి మేకలను, లేళ్ళను దేవికి బలి ఇచ్చుటకు తప్ప ఎవ్వరూ వేటాడకూడదని, ఏజియన్ సముద్రంలోని దీవి పేరుననే దీనిని కూడా ఇకారోస్ అని పిలువవలసిందిగా అలెగ్జాండరు ఆజ్ఞాపించినాడని అందులో ఉన్నది. మైనపు రెక్కలతో ఎగిరి సముద్రంలో పడిన గ్రీకు పురాణ బాలుడు ఇకారస్ పేరు ఈ విధంగా గల్ఫ్‌కు వచ్చినది.

సయీద్ దిబ్బ త్రవ్వకాలలో సుమారు అరవై మీటర్ల చదరపు కోట, అందులో ఆలయాలు బయటపడినవి. అలెగ్జాండరు తరువాత ఈ ప్రాంతాలను ఏలిన సెల్యూకస్ వంశీయుల కాలంలో, క్రీ.పూ. మూడవ శతాబ్దంలో ఇది నిర్మితమైనది. ఆలయపు స్తంభాల శిరస్సులు గ్రీకు పద్ధతివి. పీఠాలు పారశీక పద్ధతివి. పరదేశానికి వచ్చినవారు తమ దేవతలను వెంట తెచ్చుకుంటారు. గుడి కట్టేటప్పుడు మాత్రం చుట్టుపక్కల పనివాని చేతి నేర్పు కూడా అందులో చేరుతుంది. ప్రవాసులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

1960లో కోటలోని ఆలయం ముందు లభించిన శిలాశాసనం మరింత విలువైనది. అనక్సార్కోస్ అనే అధికారి ఇకారోస్ నివాసులకు పంపిన ఉత్తరం, దానితో జతపరచిన పై అధికారి ఇకాడియోన్ ఉత్తరం అందులో చెక్కబడి ఉన్నవి. దేవి ఆలయాన్ని మరొక చోటికి మార్చడం, క్రీడా, సంగీత పోటీలు జరపడం, స్థిరపడిన వారికి భూమిపై హక్కులు, సుంకాల మినహాయింపు వంటి విషయాలు అందులో ఉన్నవి. కొన్ని పంక్తులు చెడిపోయినందున కాలనిర్ణయంలో పండితులకు భేదాభిప్రాయాలు ఉన్నవి. కాని ఒక సంగతి మాత్రం స్పష్టం. మనుషులు దీవిలో నిలవాలంటే ప్రభుత్వం వారికి కొన్ని హక్కులు, సౌకర్యాలు కల్పించవలెనని ఆనాటి పాలకులు గుర్తించారు.

ఆ కోట కూడా శాశ్వతం కాలేదు. సెల్యూకస్ రాజ్యం క్షీణించినది; క్రీ.పూ. మొదటి శతాబ్దం నాటికి సైనికులు లేరు, పోటీలు లేవు. దీవికి ఇది రెండవ చీకటి. ఫైలకా అనే నేటి పేరు కాపలా స్థావరమనే అర్థం గల గ్రీకు పదం నుండి వచ్చినదని ఒక అభిప్రాయం కలదు. అది నిజమైతే, ఖాళీ అయిన కోట తన పేరును మాత్రం వదలి వెళ్ళినదన్నమాట.

శిలువ, తరువాత ఖిద్ర్

దీవి మధ్యభాగంలో అల్ ఖుసూర్ అనే చోట 1980ల చివర ఫ్రెంచ్ బృందం ఒక క్రైస్తవ చర్చిని కనుగొన్నది. గచ్చుతో చేసిన శిలువలు అందులో లభించినవి. ఇది పారశీక సామ్రాజ్యంలో వర్ధిల్లిన తూర్పు క్రైస్తవ సంప్రదాయానికి చెందినది. మొదట దీనిని ఐదు, ఆరు శతాబ్దాలకు చెందినదిగా భావించారు. మట్టిపాత్రలను మరల పరిశీలించిన పిమ్మట, ఏడు నుండి తొమ్మిది శతాబ్దాల నాటిదని, అంటే ఇస్లాం వ్యాపించిన తరువాత కూడా ఇక్కడ క్రైస్తవులు నివసించారని అభిప్రాయం బలపడినది. పెంకు ముక్క ఒకటి చరిత్రను రెండు వందల ఏళ్ళు ముందుకు జరపగలదు.

వాయవ్య తీరాన అల్ ఖిద్ర్ అనే చోట ఉన్న చిన్న పవిత్రస్థలానికి ఇరవయ్యవ శతాబ్దం వరకు ముస్లిం స్త్రీలు సంతానం కొరకు మొక్కుకొనుటకు వచ్చేవారు. ఆ కట్టడం తొలగింపబడినది. దాని ప్రక్కనే ఉన్న దిల్మున్ కాలపు రేవు స్థావరాన్ని 2004 నుండి స్లొవాకియా, కువైట్ శాస్త్రజ్ఞులు కలిసి త్రవ్వినారు. ఒకే నేలమీద ఇన్‌జాక్, ఆర్టెమిస్, శిలువ, ఖిద్ర్: నమ్మకాలు మారినా, తీరానికి చేరిన మనిషి కృతజ్ఞతతో ఏదో ఒక చోట తల వంచుతూనే ఉన్నాడు.

కాలాన్ని కొలిచే విధానం

ఇన్ని వేల ఏళ్ళ సంగతులు ఎట్లా నిర్ణయిస్తారు? మొదటి సూత్రం సులభమైనది. చెదరని దిబ్బలో క్రిందిపొర పాతది, పైపొర కొత్తది. రెండవది మట్టిపాత్రలు. ఒక్కొక్క కాలంలో కుండల ఆకారం, మట్టి, కాల్చిన తీరు వేరుగా ఉంటుంది. మూడవది నాణేలు, శాసనాలు. నాణెంపై రాజు పేరు ఉంటే ఆ పొర అంతకు ముందుది కాజాలదు.

నాలుగవది కర్బన పరీక్ష. ప్రాణమున్నంతకాలం చెట్లు, జంతువులు గాలి నుండి, ఆహారం నుండి స్వల్పంగా కర్బనం-14ను గ్రహిస్తాయి. ప్రాణం పోయిన తరువాత అది ప్రతి 5,730 సంవత్సరాలకు సగమవుతుంది. మిగిలిన భాగాన్ని కొలిచి వయస్సు లెక్కగడతారు. కాని దీవులలో ఒక చిక్కు కలదు. లోతైన సముద్రజలంలోని కర్బనం పాతది. కనుక గవ్వలు, చేపల ఎముకలు పరీక్షలో అసలు వయస్సుకంటే సగటున నాలుగు వందల ఏళ్ళు ఎక్కువ చూపవచ్చును. అందువలన శాస్త్రజ్ఞులు సాధ్యమైనంతవరకు ఖర్జూరపు గింజలు, బొగ్గు వంటి నేలమీది వస్తువులను ఎంచుకుంటారు. గవ్వలను వాడితే తగిన సవరణ చేస్తారు.

ఈ పద్ధతులన్నింటికీ ఒక నియమం ఆధారం: పొర చెదరకూడదు. ఒక ముద్రికను దొంగతనంగా పెకలించితే, ముద్రిక మిగులుతుంది. అది చెప్పవలసిన సాక్ష్యం నశిస్తుంది. దీవిలో సరదాకు ఏరిన పెంకుముక్క విషయంలోనూ ఇంతే.

1990 ఆగస్టు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినది. ఫైలకా నివాసులు దీవిని విడువవలసి వచ్చినది. సైన్యం దీవిలో స్థావరం ఏర్పరచుకొని తీరంలో మందుపాతరలు పాతినది. 1991 ఫిబ్రవరి చివర కువైట్ విముక్తి పొందినది. మార్చి 3న దీవిలోని 1,400 మందికి పైగా ఇరాక్ సైనికులు లొంగిపోయారు. ఆ పిమ్మట మందుపాతరలు ఏరివేశారు. ప్రభుత్వం నివాసులకు పరిహారం చెల్లించి ప్రధాన భూభాగంలో స్థిరపరచినది. అజ్జోర్ గ్రామంలో గుండ్ల రంధ్రాలు పడిన గోడలు, కప్పులు కూలిన ఇళ్ళు మిగిలినవి. కువైట్ నగరంలోని జాతీయ మ్యూజియం కూడా ఆ యుద్ధకాలంలో దోపిడీకి, అగ్నికి గురియైనది.

అదే ఆగస్టులో సాల్మియా వీధులలోని తెలుగువారు కూడా చేతిసంచితో బయలుదేరారు. అమ్మాన్ మీదుగా సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చారు. వారిలో కడప, గోదావరి జిల్లాలవారు అనేకులు. యుద్ధానంతరం ఎందరో తిరిగి వచ్చారు. సాల్మియాలో మరల దీపాలు వెలిగినవి. ఎదురుగా ఉన్న ఫైలకాలో మాత్రం వెలుగలేదు.

ఇక్కడనే పూర్వపు ఖాళీలకు, దీనికి గల భేదం తెలుస్తుంది. దిల్మున్ వర్తకులు దారి మారినందున తగ్గిపోయారు. గ్రీకు సైనికులు రాజ్యం పోయినందున వెళ్ళిపోయారు. ఆ మార్పులకు తరాలు పట్టినవి. ఈ చివరి ఖాళీ మాత్రం కొద్ది కాలంలోనే, బలప్రయోగం వలన జరిగినది. బావి ఎండలేదు, దారి మూయబడలేదు, అయినా ఊరు లేకపోయినది.

రెండు దీవులు

తెలుగువారికి ఈ సందర్భంలో నాగార్జునకొండ జ్ఞాపకం రాక మానదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునుగుతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున త్రవ్వకాలు జరిగినవి. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విడదీసి కొండపైన, తీరాన తిరిగి నిర్మించారు. నీరు చేరిన తరువాత కొండశిఖరం దీవి అయినది. దానిపై మ్యూజియం వెలసినది. అక్కడి శిల్పాలలోనూ పాశ్చాత్య ప్రభావం కనబడుతుంది. పడవ ఎక్కి వెళ్ళి, చూచి, సాయంత్రానికి తిరిగి రావలసిన దీవి అది కూడా.

రెండింటికీ ఒక వ్యత్యాసం కలదు. నాగార్జునకొండలో నీరు ముంచబోయే ముందు శాస్త్రజ్ఞులకు ఆరేళ్ళ గడువు దొరికినది. అయినా లోయలోని పల్లెలవారు కూడా ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చినదే. మ్యూజియంలో ఇక్ష్వాకుల చరిత్ర కనిపిస్తుంది. ఆ పల్లెల గురించి యాత్రికులు అడగటం అరుదు. ఫైలకా విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురగుచున్నది. సాద్, సయీద్ దిబ్బల ప్రాంతం 2013 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఉన్నది. డెన్మార్క్, ఫ్రాన్స్, ఇటలీ, పోలెండ్, స్లొవాకియా, జార్జియా దేశాల బృందాలు కువైట్ వారితో కలిసి పనిచేసినవి. దీవిని విహారకేంద్రంగా తీర్చిదిద్దే ఆలోచనలు పలుమార్లు వచ్చినవి. వీటన్నింటి మధ్య అజ్జోర్ గ్రామపు కూలిన గోడలు వారసత్వమా, లేక తొలగించవలసిన శిథిలాలా?

పురావస్తు శాస్త్రం ఇచ్చే సమాధానం సందేహరహితమైనది. పొర ఏదైనా పొరయే. వెయ్యేళ్ళ తరువాత ఎవరైనా ఈ దీవిని త్రవ్వితే, దిల్మున్ పెంకులపై గ్రీకు ఇటుకలు, వాటిపైన అరబ్బు జాలరుల ఇళ్ళు, అన్నింటికీ పైన సిమెంటు, తూటాల లోహం గల ఒక పలుచని పొర కనిపిస్తుంది. ఆ పొరను ఇప్పుడే చదును చేస్తే, నాలుగు వేల ఏళ్ళ గ్రంథంలో చివరి పుట చింపినట్లే. అన్ని గోడలను నిలపడం సాధ్యం కాకపోవచ్చును. కాని తొలగించేముందు కొలతలు తీసుకొనడం, ఛాయాచిత్రాలు తీయడం, అక్కడ పుట్టి పెరిగినవారు సజీవులై ఉండగానే ఏ ఇల్లు ఎవరిదో, ఏ బావి నీరు తీపియో వారి నోట విని వ్రాసి ఉంచడం అసాధ్యం కాదు. సోటెలీస్ రాయి రెండు వేల ఏళ్ళు ఆగగలిగినది. మనిషి జ్ఞాపకం అంతకాలం ఆగదు.

పేరులో మిగిలిన ఊరు

కువైట్ కుటుంబాలలో అల్ ఫైలకావీ అనే పేరు గలవారు ఉన్నారు. ఫైలకావారు అని దాని అర్థం. తెలుగువారి ఇంటిపేర్లు కూడా అనేకం ఇటువంటివే. ఏ తాత ముత్తాతలో ఒక ఊరు విడిచి మరొక ఊరు చేరితే, కొత్త ఊరివారు పాత ఊరి పేరుతో వారిని పిలిచారు. ఆ పాత ఊరు ఈనాడు బేచిరాగ్ అయి ఉండవచ్చు, జలాశయంలో మునిగి ఉండవచ్చు; ఇంటిపేరులో మాత్రం అది జీవించి ఉన్నది.

సాల్మియా తీరాన నిలబడినవారికి ఫైలకా కనిపించదు. పదవ అంతస్తుకు ఎక్కితే కనిపించవచ్చును. పగటివేళ మాత్రమే సుమా! రాత్రివేళ నావలవాడు దూరం నుండి గుర్తుపట్టేది ఇళ్ళ దీపాలనే. వాటిని మరల వెలిగించడం శాస్త్రజ్ఞుల చేతిలో లేదు. కాని ఏ దీపం ఏ ఇంటిదో లెక్కలో వ్రాసి ఉంచడం వారి చేతిలోనూ, ఆ దీవికి వెళ్ళివచ్చే ప్రతి యాత్రికుని శ్రద్ధలోనూ ఉన్నది.